వందన సమర్పణలో ఒక ఫాక్స్‌ట్రాట్

తెలుగువాళ్ళ సభలో మూడు నిమిషాలు ఖాళీగా దొరుకుతాయని నమ్మినవాడి తెలివి ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. నేను నమ్మడమే కాదు, ఆ మూడు నిమిషాలూ ఇప్పిస్తానని ఇంకొకాయనకు మాట కూడా ఇచ్చాను. అప్పట్లో, అంటే ఎనభైల చివర్లో, మస్కట్‌లోని మా తెలుగు సంఘానికి నేను సహాయ కార్యదర్శిని. కార్యం ఉన్నప్పుడు సహాయం, లేనప్పుడు దర్శనం, అంతవరకే ఆ పదవి. కుర్చీలు వేయించడం, మైకు పలుకుతోందో లేదో ఊది చూడటం, చిట్టచివర అందరికీ వందనాలు చెప్పి భోజనాలకు పిలవడం నా విధులు. ఆ చివరిదాన్ని వందన సమర్పణ అంటారు. సమర్పించేవాడు ఒకడుంటాడు కానీ ఆ వేళకి పుచ్చుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. అందరి ముక్కులూ సాంబారు వైపు తిరిగి ఉంటాయి.

నేను మాట ఇచ్చిన పెద్దాయనకు డెబ్భై దాటాయి. ఒకప్పుడు, రెండో యుద్ధానికి ముందు, సికింద్రాబాదులో ఆయన డాన్స్ బ్యాండుకు మాస్టరు. పెళ్ళి బ్యాండు కాదు. ఈ తేడా చెప్పకుండా ముందుకెళితే ఆయన ఎక్కడున్నా ఊరుకోరు. దొరలూ దొరసానులూ జంటలుగా పట్టుకుని ఫాక్స్‌ట్రాట్ లాంటి డాన్సులు ఆడుతూ తిరగడానికి కంటోన్మెంటు క్లబ్బుల్లో వాయించే బ్యాండు. తెల్లకోట్లు, మెడకు నల్ల బో, కాళ్ళకు మొహం కనిపించేటంత పాలిష్. బ్యాండూ బోలూ ఎప్పుడో పోయాయి. పాలిష్ మాత్రం నేను చూశాను.

మస్కట్‌లో అజైబా అనే పేటలో మేముండే బిల్డింగు కింద ఒక కిరాణా కొట్టు ఉండేది. పై ఫ్లాటులో ఉండే, ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ తన తండ్రిని విజిట్ వీసా మీద తెచ్చుకుంది. ఆ తండ్రే ఈ మాస్టారు. ఎండ తగ్గాక కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మెరిసే బూట్లతో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు చూస్తూ ఉండేవారు. మొహాలు చూసేవారు కాదు. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ ఆయన ముందే మెట్టు తట్టుకుని పడి, ఆ మెట్టు కట్టినవాణ్ణి రెండు మాటలని, లేచాను.

"తెలుగోనివేనా బాబూ?" అన్నారాయన.

"అవునండీ. ఎలా కనిపెట్టారు? నడకలోనా?"

"నడక జూస్తే మనిషివేనా అని డౌటొచ్చింది. తిట్టినంక తెల్సింది." కాసేపు నా చెప్పుల వైపే చూసి, జాలిపడ్డారు. "నీ కాళ్ళకు ఒకదానికొకటి పరిచయం లేదు బాబూ. ఎవరన్న కలపాలె."

అలా కలిశాం, నేనూ ఆయనా. నా కాళ్ళు ఇప్పటికీ కలవలేదు.

ఆయన తండ్రి కంటోన్మెంటులో ఒక దొర దగ్గర వంటవాడట. మాస్టారు పటాలం బ్యాండులో క్లారినెట్టు నేర్చి, మీసం వచ్చిన ఏడే సొంత బ్యాండు కట్టారు. ఎనిమిదిమంది. పియానోకి ఒక ఆంగ్లో ఇండియన్, ట్రంపెట్లకి గోవావాళ్ళు, డ్రమ్ముకి బొల్లారం వైపు నుంచి డప్పు కొట్టుకునే ఇంటి మనిషి. కొత్త పాటలు రికార్డుల మీద ఓడలో వచ్చేవి.

"లండన్ల పాతగయినంక మాకు కొత్తగైతుండె," అనేవారు. రికార్డు కొనడానికి చేతిలో డబ్బుల్లేవు. అందుకని గ్రామఫోను షాపుకి ఒక్కొక్కరుగా వెళ్ళి, కొనబోయేవాళ్ళలా మొహం పెట్టి, అదే రికార్డు వేయించుకుని, తమ తమ వంతు బాణీ మటుకు చెవిలో పోసుకుని తిరిగొచ్చేవారట. షాపతను ఏడో మనిషి దాకా ఓపిక పట్టేవాడు. ఎనిమిదో మనిషి డ్రమ్మరు. అందుకే ఆయన ఎప్పుడూ ఊహించి కొట్టేవాడట.

మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. దాన్ని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో, నేను ఎన్నిసార్లు మొదటిసారి విన్నట్టు విన్నానో!

"బ్యాండు మాస్టరు మొఖాలు జూడొద్దు బాబూ. మొఖం నాటకమాడ్తది. కాళ్ళు జూడాలె. హాల్ల అందరికన్న చేతగాని కాళ్ళేవో దేవులాడి పట్టుకోవాలె. తాళం గా కాళ్ళకు కట్టాలె. అప్పుడు చేతగానోనికి సుత తనకు డాన్సొచ్చిందనిపిస్తది. మల్ల శనివారం మల్లొస్తడు."

ఈ పద్ధతి వల్లే ఆయన బ్యాండుకి పేరొచ్చింది. దీన్ని ఒక్కసారి తప్పడం వల్ల ఆ పేరు పోయింది. ఒక జాగీర్దారుగారి దేవిడీలో, అంటే మహల్లాంటి ఇంట్లో, పార్టీ. మధ్యలో తివాచీ తీసేసి పెద్ద పెద్ద అధికారులు భార్యలతో తిరుగుతున్నారు. ఇంటి ఆడవాళ్ళు తెర వెనక. ఆ అధికారుల్లో ముఖ్య అతిథి ఒక భారీ మనిషి. ఆయన కాళ్ళే ఆ రాత్రికి చేతగాని కాళ్ళు. మాస్టారు వాటికే తాళం కట్టి సుఖంగా నడిపిస్తున్నారు. ఇంతలో తెర అంచు కింద ఒక జత పాదాలు కనబడ్డాయి. గోరింటాకు పెట్టుకున్న పాదాలు. అవి కూడా తాళం వేస్తున్నాయి, కాకపోతే బ్యాండు కన్నా ముందు. ఇంకా తొందరగా రమ్మని పిలుస్తున్నట్టు.

"నా చెయ్యి అటు వోయింది బాబూ. నేను పంపలే. అదే వోయింది."

బ్యాండు తెర కింది పాదాలను అందుకుంది. ముఖ్య అతిథి బ్యాండును అందుకోలేక, తివాచీ తీసిన నేల మీద చతికిలబడ్డాడు. తర్వాత మళ్ళీ ఏ దేవిడీ పిలవలేదు. దేవిడీ పిలవనివాణ్ణి క్లబ్బూ పిలవలేదు. ఎనిమిదిమందీ ఎనిమిది దారులు పట్టారు. మాస్టారు ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు బ్యాండు నేర్పుతూ రిటైరయ్యారు.

"ఆడ నా తాళానికి కాళ్ళెత్తినోళ్ళున్నరు గాని, ఆడినోళ్ళు లేరు," అని నవ్వారు.

"ఇంతకీ ఎవరివండీ ఆ పాదాలు?"

"నాకేం ఎరుక? కాళ్ళే జూసిన."

ఆయన కోరిక అక్కడే పుట్టింది. మళ్ళీ ఒక్కసారి బ్యాండు ముందు నిలబడాలి. ఎదురుగా మనుషులు లేచి ఆడాలి. ఆయనకి అన్నీ కట్టుడుపళ్ళు, క్లారినెట్టు పట్టవు. "ఊదేటోడు పళ్ళతోని పాటె పోయిండు. ఊపేటోడు ఉన్నడు," అనేవారు చేతిలో పుల్ల ఊపుతూ. సికింద్రాబాదులో ఎవరినైనా అడిగితే పెళ్ళి బ్యాండువాళ్ళ దగ్గరికి పొమ్మంటారట. వీసా అయిపోతే వెళ్ళిపోవాలి. ఆ వయసులో మళ్ళీ వచ్చేదీ లేదు.

"మూడు నిమిషాలు చాలు బాబూ. రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాలే గద వొస్తది."

మా సంఘం వార్షికోత్సవం దగ్గర్లోనే ఉంది. ఆయన వెళ్ళిపోవడానికి ముందే. "నేను సహాయ కార్యదర్శినండీ," అన్నాను ఛాతీ విరిచి. "మూడు నిమిషాలదేముంది!"

మా అధ్యక్షులవారు కంపెనీలో నాకు మేనేజరు కూడా. నేను అక్కడ స్టోర్‌కీపర్ని. పని రోజుల్లో మేనేజరు, సెలవురోజు శుక్రవారం అధ్యక్షులు. వారం పొడుగునా ఒకే మనిషి ముందు వంగి ఉండటంతో నాకు నడుంనొప్పి పట్టుకుంది. నాకు వెన్నెముక ఉన్నట్టు డాక్టరుకి తెలిసింది ఆ నొప్పి వల్లే.

విషయం చెప్పగానే ఆయన కళ్ళజోడు తీశారు. "డాన్స్ బ్యాండా? అంటే ఆడవాళ్ళూ మగవాళ్ళూ..." అని రెండు చేతులూ గాల్లో గుండ్రంగా తిప్పి, తిప్పినందుకు తనే సిగ్గుపడి, చేతులు బల్ల కింద పెట్టేసుకున్నారు. "మన సంస్కృతి ఏమైపోవాలయ్యా? పెద్దాయన అంటున్నావు కాబట్టి సన్మానం చేద్దాం. శాలువా కప్పుదాం. కానీ పత్రంలో సన్నాయి అని రాయి."

"ఆయనది క్లారినెట్టండీ."

"ఊదేదేగా?"

"ఊదేదేనండీ."

"పొడుగ్గా ఉంటుందా?"

"ఉంటుందండీ."

"మరింకేం? సన్నాయే."

"ఆయన ఒక్క పాటకి బ్యాండు నడిపిస్తారటండీ. మూడే నిమిషాలు. చివర్లో."

"చూద్దాం," అన్నారు అధ్యక్షులు.

తెలుగులో చూద్దాం అంటే అర్థమేమిటో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియలేదు. సంతోషంగా ఇంటికెళ్ళి సన్మానపత్రం రాశాను. కంటోన్మెంటును దేవాలయం చేశాను. దొరలను రసికులు చేశాను. ఫాక్స్‌ట్రాట్‌ను ఎలా చేయాలో తెలియక వదిలేశాను. చివర మాస్టారికి 'సన్నాయి సుధానిధి' అని బిరుదు తగిలించాను. మూడు నిమిషాలకు అది గిట్టుబాటు ధరే అనిపించింది.

ఇక బ్యాండు కావాలి. మా కంపెనీ క్యాంపులో జగిత్యాల వైపు వాళ్ళు ఇద్దరు ఉండేవాళ్ళు. ఒకతను షటరింగ్ కార్పెంటరు, ఊళ్ళో పెళ్ళిళ్ళ సీజన్లో క్లారినెట్టు వాయిస్తాడు. దాన్ని లుంగీల మధ్య చుట్టి ఒమన్ దాకా తెచ్చుకున్నాడు. రెండో అతను పెయింటరు, అదే మేళంలో డ్రమ్ము. డ్రమ్మును ఒక స్కూలు నుంచి అరువు తెచ్చాం. గురువారం ఒంటిపూట డ్యూటీ కాగానే నా సిమెంటు స్టోర్లో, మాస్టారి పాత ఫాక్స్‌ట్రాట్ పాట ఒకటి రిహార్సల్.

నేను ఆరు నెలలు మృదంగం నేర్చుకున్నానని ముందే చెప్పి ఉంచాను, అవసరం పడుతుందేమోనని.

"ఆర్నెల్లా?" అన్నారు మాస్టారు. "పాపం, నీ గురువు." ఒక్క క్షణం ఆలోచించారు. "నీకొక పనుంది. కాళ్ళు లేకుంట బ్యాండు రిహార్సల్ చెయ్యలేదు. నువ్వు కాళ్ళు."

అలా నేను ఆ బ్యాండులో కాళ్ళనయ్యాను. ఖాళీ పెయింటు డ్రమ్మొకటి చూపించి అదే దొరసాని అన్నారు. దాన్ని కావలించుకుని సిమెంటు బస్తాల మధ్య తిరగాలి. పాట అయ్యాక ఆయన వంగి, సిమెంటు దుమ్ములో నా అడుగుల జాడలు పరీక్షించేవారు.

"ఈడ జూడు. ఈడ డబ్బా కాలు తొక్కినవ్."

"డబ్బాకి కాళ్ళుండవు కదండీ!"

"ఉంటే తొక్కుదువు."

డ్రమ్మతనితో ఇంకో చిక్కు. చెయ్యి కాస్త వేడెక్కగానే బరాత్ దెబ్బలోకి పోయేది.

"ఆపు, ఆపు!" మాస్టారు పుల్లతో బస్తా మీద కొట్టేవారు. దుమ్ము లేచేది. "పెండ్లిపిల్లగాడు ఏడున్నడు?"

"లేడు సార్."

"గుర్రమున్నదా?"

"లేదు సార్."

"మరి ఎవల్ని ఊరేగిస్తున్నవ్ రా?"

"ఏం జెయ్యాలె సార్, చెయ్యి గటే గుంజుతది," అనేవాడు డ్రమ్మతను. ఆ మాటకి మాస్టారు మటుకు ఎందుకో మరి తిట్టేవారు కాదు. కాసేపు తన చేతి వైపే చూసుకునేవారు.

క్లారినెట్టతనికి ఇదంతా పండగ. "గీ ముసలాయన మంచిగ తిడ్తడు సార్," అన్నాడు నాతో. "మా ఫోర్‌మన్ తిడ్తే పని జెయ్యబుద్ధి గాదు. ఈయన తిడ్తే ఇంకోసారి తప్పు వాయించబుద్ధైతది." షటరింగ్ చెక్క చెక్కి, సాన పట్టి, మాస్టారికి నున్నటి పుల్ల ఒకటి చేసిచ్చాడు. పాట మటుకు మా కాళ్ళకి, అంటే నాకు, తగినట్టే కుదిరింది. ఆ వేగంలో ఊరేగింపు పోతే పెళ్ళికొడుకు ముహూర్తం దాటాకే వెళ్ళేవాడు.

వార్షికోత్సవం శుక్రవారం సాయంత్రం. హాల్లో ఏసీలు సగం పని చేస్తున్నాయి, ఉపన్యాసకులు మొత్తం పని చేస్తున్నారు. మన సన్మానంలో ఒక విశేషముంది. సన్మానం పొందే మనిషి తప్ప అందరూ మాట్లాడతారు. ఒమన్ వేసవిలో మాస్టారికి శాలువా కప్పారు. దాని మీద ఇంకొకరు ఇంకొకటి కప్పారు. వాటి మీద దండ వేశారు. ఆయన మెరిసే బూట్లొక్కటే బయటికి కనిపిస్తున్నాయి. నేను వెనక నిలబడి ఉన్నాను. కార్యవర్గంలో ఒకాయన నేను రాసిన పత్రం చదవడం మొదలెట్టాడు.

మాస్టారు శ్రద్ధగా విన్నారు. దేవాలయాల దగ్గర తలూపారు. చివర బిరుదు దగ్గర అందరితో పాటు చప్పట్లు కొట్టారు. తర్వాత నా వైపు తిరిగి గుసగుసగా అడిగారు.

"ఎవలు బాబూ, గీ సుధానిధి? వొచ్చిండా?"

"మీరేనండీ."

"నేనా?" ఆయన కట్టుడుపళ్ళు ఒక్కసారి కదిలాయి. కోప్పడతారనుకున్నాను. ఆయన శాలువాలోంచి పుల్ల కొస బయటికి తీసి చూపించారు. "నన్నేమన్న జేసుకో. పాటున్నదా, లేదా?"

"ఉందండీ," అన్నాను.

అప్పుడు అధ్యక్షులు లేచారు. సన్నాయి గురించి, సంస్కృతి గురించి, సన్నాయి లేని సంస్కృతి గురించి, చాలాసేపు మాట్లాడారు. పక్కగోడ దగ్గర డ్రమ్ముతో, క్లారినెట్టుతో కూర్చున్న మావాళ్ళిద్దరూ మొదట నిటారుగా, తర్వాత ఒకరి మీద ఒకరు వాలి కూర్చున్నారు. గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు వినిపించింది. అధ్యక్షులు వాచీ చూసుకుని, "సమయాభావం వల్ల మిగతా కార్యక్రమం రద్దు చేస్తున్నాం," అని, మైకు మీద చెయ్యి పెట్టి నాతో, "ఆ గోల వద్దులే. వందన సమర్పణ కానిచ్చెయ్," అన్నారు.

మాస్టారికి అది వినిపించింది. పుల్ల మెల్లగా శాలువాలోకి వెళ్ళిపోయింది. మూడో వరసలోంచి నర్సమ్మ నా వైపు చూసింది. ఆ వారమే ఆయన ప్రయాణం.

అప్పుడు మైకు నా చేతికొచ్చింది.

మైకు ముందు ఊది చూశాను, అలవాటు కొద్దీ. దాతలకు వందనాలు చెప్పాను. వంటవాళ్ళకు చెప్పాను. తర్వాత నా నోట్లోంచి, ఆఫీసులో ఎప్పుడూ రాని గొంతొకటి వచ్చింది.

"పెద్దలారా! మన సన్నాయి సుధానిధిగారి సంప్రదాయంలో తరతరాలుగా ఒక ఆచారం ఉంది. వారు విచ్చేసిన సభలో భోజనాలకు ముందు మంగళవాద్యం మోగాలి. ఆ వాద్యానికి సభాధ్యక్షులు సతీసమేతంగా లేచి అడుగులు వేయాలి. అది జరక్కుండా వడ్డన మొదలుపెట్టడం మన సంస్కృతికే అపచారం. సంస్కృతి గురించి అధ్యక్షులవారికి నేను చెప్పేటంతవాణ్ణి కాను."

ఆకలి మీదున్న జనం చప్పట్లు కొట్టారు. సంప్రదాయం కోసం కొట్టారో సాంబారు కోసం కొట్టారో నాకనవసరం.

"ఏంటయ్యా ఇది?" అన్నారు అధ్యక్షులు పళ్ళ బిగువున. "నాకేం వచ్చని?"

ముందు వరసలోంచి ఆయన శ్రీమతి లేచి నిలబడ్డారు. "రండీ, జనాలకి ఆకలేస్తోంది."

"నాకు రాదే!"

"నాకు మాత్రం వచ్చేంటి? ఇంత సేపు మాట్లాడితే నేను కూర్చోలేదూ? రండీ."

మాస్టారు దండ తీశారు. శాలువాలు ఒకదాని తర్వాత ఒకటి తీసి నాకిచ్చారు. లోపల ఇస్త్రీ చేసిన తెల్లకోటు ఉంది. అంత ఉక్కలో, అన్ని శాలువాల కింద, ఆయన దాన్ని తొడుక్కుని కూర్చున్నారన్న మాట. కుర్చీల హడావుడిలో నేను గమనించనే లేదు. నడిచి వెళ్ళి మావాళ్ళిద్దరి ముందు నిలబడి, ఓరగా నేల వైపు చూశారు. హాల్లో అందరికన్నా చేతగాని కాళ్ళేవో వెతుక్కునే పని ఆ రోజు లేదు. పుల్ల లేచింది.

పాట మెల్లగా మొదలైంది. అధ్యక్షుల కాళ్ళు మొదట ఇబ్బంది పడ్డాయి. తాళం వాటి కోసం ఆగింది. అవి కదిలితే కదిలింది. ఇంకాసేపటికి ఆయన మొహంలో బెదురు పోయి, చిన్న గర్వం లాంటిది వచ్చింది. గడ్డం పైకెత్తి, పెళ్ళాం చెయ్యి పట్టుకుని, గిర్రున కాకపోయినా ఒక మోస్తరుగా తిరిగారు. జనం భేష్ అన్నారు. నేను పన్నిన పన్నాగం నా కళ్ళ ముందే ఆయనకి సన్మానంగా మారిపోతోంది. రేపటి నుంచి తనకు డాన్సొచ్చని ఆఫీసులో చెప్పుకుంటారు, నేను తలూపాలి.

మాస్టారి కళ్ళు అప్పుడు కొద్దిగా పక్కకి జరిగాయి. నేనూ అటు చూశాను. శ్రీమతిగారు చెప్పులు విడిచేశారు. చీర అంచు కింద రెండు పాదాలు, బ్యాండు కన్నా ముందు పోతున్నాయి.

ఆయన పుల్ల ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత అటు వెళ్ళింది.

పుల్ల వేగం పెరిగింది. క్లారినెట్టు అందుకుంది. డ్రమ్మతని చెయ్యి ఎప్పుడూ గుంజే వైపే గుంజింది. ఈసారి పెళ్ళికొడుకేడని ఎవరూ అడగలేదు. వెనక వరసల్లోని క్యాంపు కుర్రాళ్ళకి బరాత్ దెబ్బ వినపడ్డాక కూర్చోవడం చేతకాదు. కుర్చీలు జరిగాయి. నర్సమ్మ కూడా లేచింది. మధ్యలో అధ్యక్షులు, ఒకచేత్తో భుజం మీంచి జారే కండువా పట్టుకుని, రెండో చెయ్యి భార్య లాగుతుంటే, తన కాళ్ళ కోసం తనే వెతుక్కుంటూ తిరుగుతున్నారు. కింద మాత్రం పడలేదు. శ్రీమతిగారి పట్టు గట్టిది.

పాట అయిపోయింది. రికార్డు ఒక పక్కంత, మూడు నిమిషాలు. మాస్టారు చెమట కూడా తుడుచుకోలేదు. "మల్ల తప్పు కాళ్ళే జూసిన," అని గొణుక్కున్నారు, నవ్వుతూ.

అధ్యక్షులు మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఆయాసపడుతూ నాకు సైగ చేశారు, భోజనాలకు పిలవమని. పిలవాల్సింది నేనే. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. శ్రీమతిగారు చెప్పుల వైపు అసలు చూడటం లేదు. మాస్టారు, మొట్టమొదటిసారి అనుకుంటాను, నా కాళ్ళు కాకుండా మొహం చూశారు.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"మాస్టారూ," అన్నాను, "రికార్డుకు రెండో పక్క కూడా ఉంటుంది కదండీ?"